బెలోస్ మార్చినా బస్సు ఒరిగిపోతోందంటే ముందు ట్యాంకులో నీరు చూడండి

ఒక బస్సు యజమాని అడిగిన ప్రశ్న ఇది: "మా టూరిస్టు బస్సును రాత్రి నిలిపితే తెల్లవారేసరికి వెనక ఎడమవైపు కూర్చుండిపోతోంది. ఏడాదిలోపే ఆ పక్క ఎయిర్ బెలోస్ (స్ప్రింగు బదులు బరువు మోసే, గాలి నింపిన రబ్బరు తిత్తి) రెండుసార్లు మార్పించాము. ఇప్పుడు షెడ్డువారు గాలి సస్పెన్షన్ మొత్తం తీసేసి కమాన్ పట్టీలు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) వేయించుకోమంటున్నారు. వేయించుకోవచ్చా?"

వద్దండి, ఆ పని చేయించకండి. విజయవాడ ఆటోనగర్‌లో మా బాబాయి గారి ట్రావెల్స్ బస్సుల మరమ్మతు వ్యవహారం చాలాకాలం నేనే చూసుకున్నాను. షెడ్లలో ఈ సలహా ఎంత తేలిగ్గా ఇస్తారో, ఆ తరువాత యజమాని ఎంతకాలం దాని ఫలితం అనుభవిస్తాడో దగ్గర నుంచి చూసినవాణ్ణి. ఏడాదిలోపు రెండుసార్లు కొత్త బెలోస్ వేశాక కూడా అదే పక్క బస్సు దిగుతోందంటే, అసలు దోషం మరొకచోట ఉందని, దాన్ని ఇంతవరకు ఎవరూ వెతకలేదని అర్థం. నేను చూసిన బస్సులలో ఆ దోషం దాదాపు ఎప్పుడూ గాలి ట్యాంకులో చేరిన నీటి దగ్గరే మొదలైంది. ఈ మాట మీ షెడ్డులో చెబితే ఒప్పుకోకపోవచ్చు గాని, నా అభిప్రాయం మారదు.

ఇంజనుతో తిరిగే కంప్రెసర్ బయటి గాలిని పీల్చి 8 నుంచి 10 బార్ల వరకు, అంటే మామూలు గాలి ఒత్తిడికి పైన సుమారు మరో 8 నుంచి 10 రెట్ల ఒత్తిడికి, నొక్కుతుంది. 8 బార్ల దగ్గర, బయట తొమ్మిది లీటర్ల చోటు ఆక్రమించే గాలి ఒక్క లీటరు చోటులో ఇమడవలసి ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో నిండా తేమ పట్టిన ఘనమీటరు గాలిలో సుమారు 30 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. నొక్కిన గాలి వేడిగా ఉన్నంతసేపు ఆ ఆవిరి కనిపించదు, ట్యాంకులోకి వచ్చి చల్లబడగానే చాలా భాగం నీరై అడుగుకు దిగుతుంది. మచిలీపట్నం, కాకినాడ, విశాఖపట్నం వైపు తిరిగే బస్సులకు వానాకాలంలో ఈ నీరు ఎంత చేరుతుందో ఊహించవచ్చు. ఆ నీటిని ఆపడానికే కంప్రెసర్‌కూ ట్యాంకులకూ మధ్య ఎయిర్ డ్రయర్‌ను బిగిస్తారు. దాని డబ్బాలో తేమను పీల్చుకునే గింజలు ఉంటాయి. ట్యాంకులు నిండి కంప్రెసర్ ఖాళీగా తిరగడం మొదలైన క్షణంలో డ్రయర్ కింది నుంచి బుస్సుమని గాలి వస్తుంది, విని ఉంటారు. కొంత పొడిగాలి వెనక్కి మళ్ళి, గింజలు పట్టుకున్న తేమను బయటికి తోసేసే చప్పుడు అది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. వ్యవస్థలో ఎక్కడైనా గాలి కారుతూ ఉంటే ట్యాంకులు పూర్తిగా నిండవు. నిండకపోతే ఆ బుస రాదు. బుస రాకపోతే గింజలు ఆరవు. ఆరని గింజలను దాటుకొని తడిగాలి నేరుగా ట్యాంకుల్లోకి, అక్కడి నుంచి వాల్వుల్లోకి పోతుంది. తడి తగిలిన వాల్వులో తుప్పు రేణువులు చేరి, రబ్బరు సీటు సరిగ్గా మూసుకోక, అది కూడా కారడం మొదలవుతుంది. అప్పుడు కంప్రెసర్ మరింత విరామం లేకుండా పనిచేసి, వేడెక్కి, రింగులు అరిగి, గాలితోపాటు ఇంజను ఆయిలునూ పంపుతుంది. ఆయిలు పూత పట్టిన గింజలు ఇక తేమను ఏమాత్రం పీల్చుకోలేవు. ఈ గొలుసులో బెలోస్ చిట్టచివరి కొస. షెడ్డులో మొట్టమొదట మార్చేది మాత్రం దాన్నే, ఎందుకంటే అది పైకి కనిపిస్తుంది, బిల్లులో రాయడానికి వీలైన పెద్ద వస్తువు కూడా అదే.

అన్నవరంలో మా బంధువుల పెళ్ళికి మా బస్సే వెళ్ళింది, నేనూ అందులో వెళ్ళాను. శ్రావణ మాసం, రాత్రంతా ముసురు. కొండ కింద బస్సు నిలిపి అందరం సత్రంలో పడుకున్నాము. తెల్లవారుజామున డ్రైవరు వచ్చి, "ఏవండీ, బస్సు మళ్ళీ ఎడమకు కూర్చుందండీ, మొన్న వేసిన బెలోసే పోయినట్టుంది" అన్నాడు. ఆ బెలోస్ వేసి ఎక్కువ కాలం కాలేదు, ఒక షెడ్డువారు గ్యారంటీ మాట చెప్పి మరీ వేశారు. డ్రైవరు అప్పటికే దగ్గరలో ఉన్న మెకానిక్‌ను పిలిపించాడు. ఆయన వంగి ఒక్క చూపు చూసి, కొత్తది తెప్పించాలి, తుని నుంచి రావాలి, మధ్యాహ్నం అవుతుంది అన్నాడు. ముందు కారుతున్నది ఎక్కడో చూద్దామని నేను పట్టుబట్టాను. టీ దుకాణంలో బట్టల సబ్బు పొడి అడిగి, నీళ్ళ సీసాలో కలిపి, మూతకు మేకుతో బెజ్జాలు పొడిచాము. చక్రాలకు అడ్డు రాళ్ళు పెట్టించి, ఛాసిస్ కింద దిమ్మలు ఆనించాకే కిందికి వెళ్ళాను.

ఇంజను వేసి గాలి నింపి, ముందుగా బెలోస్ పై పళ్ళెం చుట్టూ, తరువాత రబ్బరు మడత మీద, ఆ తరువాత కింది పిస్టన్ అంచు వెంట సబ్బు నీళ్ళు పోశాను. ఒక్క బుడగ రాలేదు. గొట్టం బిగించిన ఎల్బోల (వంపు జాయింట్ల) దగ్గర పోశాను, అక్కడా లేదు. బస్సు ఎత్తు సమంగా ఉండేలా బెలోస్‌లోకి గాలి పంపి, వదిలే లెవలింగ్ వాల్వు ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. దాని అడుగున, గాలి వదిలే రంధ్రం మీద పోయగానే నురుగు గుప్పెడంత ఉబ్బింది. అది పగిలి, మళ్ళీ ఉబ్బి, ఆగకుండా వస్తూనే ఉంది. జనం ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఆ రంధ్రం నుంచి కొంత గాలి పోవడం సహజం. ఖాళీ బస్సు కదలకుండా, వాల్వు చేయి మధ్యలో ఉన్నప్పుడు ఒక్క బుడగ కూడా రాకూడదు. మెకానిక్‌కు అది చూపించి, సస్పెన్షన్ ట్యాంకు కింద ఉన్న, నీరు వదిలే డ్రెయిన్ రింగు లాగమన్నాను. ముందు తెల్లటి ఆవిరి చిమ్మింది. వెంటనే మజ్జిగలో మడ్డి నూనె కలిపినట్టున్న ద్రవం ధారగా పడి, టీ దుకాణంవాడి బకెట్టు అడుగు కప్పేసింది. మాడిన ఆయిలు వాసన కొట్టింది. ఆ ట్యాంకు రింగు లాగి ఎన్నాళ్ళయిందని డ్రైవరును అడిగితే, అలా లాగాలని తనకు ఎవరూ చెప్పలేదన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. బ్రేకు ట్యాంకులే రోజూ డ్రెయిన్ చేయాలని నేర్పినవారు సస్పెన్షన్ ట్యాంకు మాట ఎత్తలేదు.

ట్యాంకు పొడిగాలి వచ్చేంతవరకు డ్రెయిన్ చేసి, వాల్వును ఇరుసుకు కలిపే లింకు విప్పి, వాల్వు చేతిని పైకీ కిందికీ చాలాసేపు ఆడించాక లోపలి చెత్త కొంత కదిలి నురుగు బాగా తగ్గింది. మిగిలిన కొద్దిపాటి కారడాన్ని ఇంజను నడుస్తున్నంతసేపు కంప్రెసర్ పూడ్చగలదు. బ్రేకుల గాలి సర్క్యూట్లు వేరు, ప్రొటెక్షన్ వాల్వు వాటికే మొదటి వాటా ఇస్తుంది. అయినా ఇంజను ఆపి, బ్రేకు గేజీల ముళ్ళు రెండూ చాలాసేపు కదలకుండా నిలిచాయని కళ్ళారా చూసుకున్నాకే పెళ్ళివారిని ఎక్కించాము. నెమ్మదిగా నడిపించుకుంటూ ఇల్లు చేరాము.

ఆటోనగర్‌లో మర్నాడు అన్నీ విప్పించాను. లెవలింగ్ వాల్వు లోపలి రబ్బరు సీటు ఆయిలుకు ఉబ్బి మెత్తబడింది, దాని మీద ఎర్రటి తుప్పు రేణువులు కూరుకుపోయి ఉన్నాయి. డ్రయర్ డబ్బా కోసి చూస్తే తెల్లగా ఉండవలసిన గింజలు తారు ముద్దలా అంటుకుపోయాయి. కంప్రెసర్ నుంచి వచ్చే గొట్టం విప్పితే లోపల నల్లటి మసి పెచ్చు కట్టి దారి సగం మూసుకుపోయింది. కంప్రెసర్ రింగులు అరిగాయి. అవన్నీ సరిచేసిన తరువాత ఆ పక్క బెలోస్ మార్చే అవసరం మాకు మళ్ళీ చాలాకాలం రాలేదు. అంతకుముందు షెడ్డువారు తీసి పడేసిన పాత బెలోస్‌ను వెతికించి తెప్పించి చూశాను, రబ్బరు పైపైన గీతలు పడిందే గాని లోపలి దారాలు ఎక్కడా బయటపడలేదు. మంచి వస్తువును తీసేసి కొత్తదానికి డబ్బు తీసుకున్నారు. అందుకే ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపం తగ్గదు.

మీ బస్సులో ఒక పక్క మాత్రమే దిగుతోందన్నారు, అది మంచి ఆధారం. చాలా కోచ్‌లలో ముందు రెండు, వెనక నాలుగు బెలోస్ ఉంటాయి గాని లెవలింగ్ వాల్వులు మూడే, ముందు ఇరుసుకు ఒకటి, వెనక పక్కకొకటి. నాలుగు వాల్వులు పెడితే ఒకదానితో ఒకటి పోట్లాడి బస్సు ఎప్పటికీ సమంగా నిలవదు. మూడు బిందువుల మీద ఏ పలకైనా ఊగకుండా నిలుస్తుందన్న లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. కాబట్టి వెనక ఎడమవైపు దిగుతోందంటే ఆ పక్క రెండు బెలోస్, ఒక వాల్వు, వాటి మధ్య గొట్టాలు, ఇంతే వెతకవలసిన చోటు. సబ్బు నీళ్ళతో చూడవలసిన పని అరగంటకు మించదు. ఆ అరగంట ఖర్చు చేయకుండా బెలోస్ మార్చేవారిని నేను మెకానిక్ అనను.

వాల్వుకూ ఇరుసుకూ మధ్య ఉండే సన్నటి లింకు రాడ్ గురించి కూడా చెప్పాలి. బస్సు ఎత్తు ఎంత ఉండాలో నిర్ణయించేది దాని పొడవే. తయారీదారు మాన్యువల్‌లో ఇచ్చిన కొలత ప్రకారం, సమతలమైన నేల మీద, ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య దూరం టేపుతో కొలిచి సరిచేయాలి. చాలామంది కంటి అంచనాతో బస్సును రెండు వేళ్ళు పైకి లేపి వదిలేస్తారు, కొందరు విరిగిన లింకుకు బైండింగ్ వైరు కట్టి పంపేస్తారు. ఎత్తు ఎక్కువైతే గుంత దాటిన ప్రతిసారీ బెలోస్ చివరంటా సాగుతుంది. ఆ సాగడాన్ని ఆపవలసిన షాక్ అబ్జార్బర్ కూడా అరిగిపోయి ఉంటే, పై పళ్ళెం దగ్గరే రబ్బరు చిరుగుతుంది. జాకీ పెట్టి ఛాసిస్ లేపేటప్పుడు చక్రాలు వేలాడి బెలోస్ మీద బరువంతా పడటం కూడా ఇలాంటిదే. ఇరుసుకు ఆధారం పెట్టకుండా లేపడం చూస్తే వెంటనే ఆపించండి.

బెలోస్‌కు నిజంగా హాని చేసేవాటిలో మన వాటర్ సర్వీసింగ్ పద్ధతి మొదటిది. బస్సు కడిగాక కింద అంతా తుప్పు పట్టకుండా డీజిలు కొడతారు. ఇనుముకు అది ఎంత మేలో నాకు తెలియదు గాని, రబ్బరుకు మాత్రం విషం. డీజిలు, గ్రీజు తగిలిన రబ్బరు ఉబ్బి, మెత్తబడి, పొరలు విడిపోతుంది. సర్వీసింగుకు పంపే ముందు బెలోస్ మీద డీజిలు పడకూడదని ఎవరో ఒకరు దగ్గరుండి చెప్పాలి. వాటికి సబ్బు నీళ్ళు చాలు. అదే సమయంలో కింది పిస్టన్ చుట్టూ ఉండే సందులో ఇరుక్కున్న కంకర ముక్కలను, ఎండిన బురదను కడిగించాలి. బెలోస్ పైకీ కిందికీ దొర్లే ప్రతిసారీ ఆ రాయి రబ్బరును అరగదీస్తుంది. ఛాసిస్‌కు వెల్డింగ్ చేసేటప్పుడు తడి గోనెపట్టా కప్పకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు.

గాలి సస్పెన్షన్ ఉన్న కారువారికి కూడా ఈ మాట వర్తిస్తుంది. వాటిలో కంప్రెసర్ కరెంటుతో నడుస్తుంది, పక్కనే చిన్న డ్రయర్ ఉంటుంది. ఒక స్ట్రట్‌లో (చక్రం దగ్గర బరువు మోసే గాలి స్తంభంలో) సన్నగా కారుతుంటే కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి, వేడెక్కి కాలిపోతుంది. కంప్రెసర్ కాలిందని కొత్తది వేసి, కారుతున్న స్ట్రట్‌ను వదిలేస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. కంప్రెసర్‌కు కరెంటు ఇచ్చి ఆపే స్విచ్చు, అంటే రిలేను కూడా కంప్రెసర్‌తోపాటే మార్చాలి, ఎందుకంటే పాత రిలే అంటుకుపోతే కొత్త కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది.

ఇక కమాన్ పట్టీల మాట. గాలి తీసి స్ప్రింగులు వేయడం కొత్త ఆలోచన ఏమీ కాదు. 1957లో అమెరికాలో వచ్చిన క్యాడిలాక్ ఎల్డొరాడో బ్రోగమ్ కారు గాలి సస్పెన్షన్ మాటిమాటికీ మొరాయించడంతో చాలామంది యజమానులు దాన్ని తీయించి చుట్ట స్ప్రింగులు వేయించుకున్నారు. బస్సుల్లో మాత్రం అదే దశాబ్దంలో, 1954లో వచ్చిన గ్రేహౌండ్ సీనిక్రూయిజర్‌కు గాలి సస్పెన్షన్ ఉంది. ఆ తరువాత దూరప్రయాణాల బస్సులు ఆ దారి వదలలేదు. మన దేశానికి 2001లో వోల్వో బీ7ఆర్ బస్సులు వచ్చాక హైదరాబాదు రాత్రి ప్రయాణం ఎలా మారిందో విజయవాడవారికి వేరే చెప్పనక్కరలేదు. నడుము నొప్పి లేకుండా దిగడానికి గాలే కారణం. ఆ సుఖానికి అలవాటుపడిన ప్రయాణికులు పట్టీల బస్సును ఒక్కసారి ఎక్కుతారు, రెండోసారి ఎక్కరు.

సుఖం ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. కమాన్ పట్టీలు బరువు మోయడమే కాక ఇరుసును దాని చోట పట్టి ఉంచుతాయి. గాలి సస్పెన్షన్‌లో బెలోస్ బరువు మాత్రమే మోస్తుంది, ఇరుసు ముందుకూ వెనక్కూ పక్కలకూ జరగకుండా పట్టి ఉంచేది రాడ్లు. వాటి బుష్‌లు అరిగినా బస్సు వెనక భాగం తోక ఊపుతున్నట్టు అనిపిస్తుంది, దానికీ బెలోస్‌నే నిందిస్తారు. ఛాసిస్ మీద రాడ్ల కోసం బలపరిచిన చోట్లు వేరు, పట్టీల బ్రాకెట్లకు కావలసిన చోట్లు వేరు. షెడ్డులో వెల్డింగ్‌తో అతికించిన బ్రాకెట్ మీద నిండు బస్సు బరువు పెట్టి శ్రీశైలం ఘాట్ ఎక్కించడం నాకైతే ఊహించుకోవడానికే భయం. మరో విషయం, చాలా బస్సులలో బ్రేకుల బలాన్ని బరువుకు తగ్గట్టు సర్దే వాల్వు బెలోస్‌లోని పీడనాన్నే కొలతగా తీసుకుంటుంది. బెలోస్ తీసేస్తే బస్సు నిండుగా ఉందో ఖాళీగా ఉందో ఆ వాల్వుకు తెలిసే దారి ఉండదు. చట్టం మాట కూడా ఉంది. రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినదానికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది. ప్రమాదం జరిగినప్పుడు ఈ మార్పు చేయించిన షెడ్డువారు మీ పక్కన నిలబడరు, జవాబు చెప్పుకోవలసింది మీరే.

మీరు ఇప్పుడు డబ్బు పెట్టదలిస్తే ముందు డ్రయర్ డబ్బా మీద పెట్టండి. తయారీదారు చెప్పిన గడువు రాకపోయినా, తీరప్రాంతంలో తిరిగే బస్సుకు ఏడాదికి మించి ఉంచవద్దు. పాత డబ్బాలో ఆయిలు కనిపిస్తే కంప్రెసర్ కూడా చూపించాలి, లేకపోతే కొత్త డబ్బా వృథా. ఆ తరువాత ఎడమ లెవలింగ్ వాల్వు. బెలోస్ మార్చవలసింది దారాలు బయటపడితేనో, రబ్బరు మీదే బుడగలు వస్తేనో. మార్చవలసి వస్తే బండికి బిగించకుండా దానిలో గాలి నింపి పరీక్షించనివ్వకండి, అది పేలితే మనిషి ప్రాణానికే ముప్పు. బిగించాక గాలి కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, రబ్బరు మడత పిస్టన్ చుట్టూ సమంగా కూర్చుందో లేదో చూసి గాని పూర్తి బరువు వేయకూడదు. రోజూ బండి తీసే ముందు అన్ని ట్యాంకుల రింగులు లాగే బాధ్యతను డ్రైవరుకు అప్పగించండి, ఆ పనికి గౌరవమిచ్చి, నెలకు కొంత అదనంగా కూడా ఇవ్వండి. డ్రయర్ బాగుంటే చుక్క నీరు రాదు. ఎప్పుడైనా వచ్చిందంటే ఆ రోజే మీకు చెప్పమనండి.

ఈ రాత్రి బస్సు నిలిపి, ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టించి, సబ్బు నీళ్ళు పోసి చూడండి. బుడగ రబ్బరు మీద వచ్చిందా, ఎల్బో దగ్గర వచ్చిందా, వాల్వు రంధ్రం దగ్గర వచ్చిందా, సస్పెన్షన్ ట్యాంకు నుంచి ఏ రంగు నీరు పడింది, డ్రయర్ బుస వినిపించిందా లేదా అనే వివరాలు రాస్తే, ఏది విప్పాలో నేను చెబుతాను.